అజంతా వర్ణాలు: నకళ్ల చరిత్ర

చిత్రానికి నకలు తీసేవారికి గీత లొంగినంత సులువుగా రంగు లొంగదు. రేఖను కొలవవచ్చు, వర్ణం మాత్రం చూసే కంటిని, వెలుతురును, పూసిన తలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. అజంతా కుడ్యచిత్రాలకు ఒకటిన్నర శతాబ్దానికి పైగా జరిగిన నకళ్ల ప్రయత్నాలు ఈ సత్యాన్ని స్పష్టంగా చూపుతాయి.

1819లో జాన్ స్మిత్ అనే సైనికాధికారి వాఘోరా లోయలోని ఈ గుహలను చూసిన తరువాత వీటి ప్రసిద్ధి క్రమంగా వ్యాపించింది. 1844లో ఈస్టిండియా కంపెనీ నకళ్ల పనిని మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్‌కు అప్పగించింది. దాదాపు రెండు దశాబ్దాలు శ్రమించి ఆయన కాన్వాసుపై నూనెరంగులతో వేసిన చిత్రాలలో అధిక భాగం 1866 డిసెంబరులో లండన్ శివారు సిడెన్‌హామ్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1872 నుంచి బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో అదే పనిని తిరిగి చేపట్టాడు. 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో జరిగిన మరో అగ్నిప్రమాదం వాటిలో అనేకాన్ని బలిగొన్నది. మిగిలినవాటి సాయంతో 1896-97లో ఆయన రెండు సంపుటాలు వెలువరించాడు.

నిప్పు వల్ల జరిగిన నష్టం కంటికి కనిపించేది. మాధ్యమం వల్ల జరిగినది అంత తేలికగా కనిపించదు. అజంతా గోడపై మట్టిపూత, దానిపై తెల్లని పలుచటి పూత, ఆపైన జిగురుతో కలిపిన రంగులు ఉంటాయి. ఎర్రమట్టి, పసుపుమట్టి, దీపపు మసి, పచ్చమట్టి, దూరదేశం నుంచి వచ్చిన రాజావర్తపు నీలం అందులో ప్రధానమైనవి. ఆ తలానికి మెరుపు లేదు. నూనెరంగుకు మెరుపూ, లోతూ సహజం. కనుక ఎంత నిష్ఠగా వేసినా నూనెరంగు నకలు గోడ స్వభావాన్ని పూర్తిగా పట్టుకోలేదు. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ బృందం ఈ పనిని మరొకసారి చేపట్టింది. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, వెంకటప్ప వంటివారితో పాటు హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా అందులో పాల్గొన్నాడు.

అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖకు గులాం యజ్దానీ అధిపతి. 1920-22 మధ్య ఇటలీ నిపుణులను పిలిపించి చిత్రాలకు సంరక్షణ చేయించారు. ఆ కాలపు సంరక్షణలో వాడిన లక్క వార్నిష్ కాలక్రమాన పసుపుబారి, గోడ రంగునే మార్చివేసింది. యజ్దానీ వర్ణ ఛాయాచిత్రాల ఆధారంగా 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాల గ్రంథాన్ని ప్రచురించాడు. హైదరాబాదు మ్యూజియంలోనూ సయ్యద్ అహ్మద్ తదితరుల నకళ్లు చేరాయి. తరువాతి కాలంలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ పాత పూతలను తొలగించే పని చేపట్టడంతో గోడ రూపు మళ్లీ మారింది. ఇక సరైన రంగు ఏది? గోడే మారుతున్నప్పుడు ప్రతి నకలూ తాను పుట్టిన సంవత్సరానికి మాత్రమే సాక్షి.

నేడు పెద్ద ఇంక్‌జెట్ యంత్రాలు గోడంత చిత్రాన్ని ఒకే పూటలో అచ్చువేయగలవు. సమస్య మాత్రం పాతదే. కెమెరా, కంప్యూటర్ తెర, సిరా ఒక్కొక్కటీ రంగును తన పద్ధతిలో చెబుతాయి. మానవ నేత్రం ఆధారంగా రంగును అంకెలలో చెప్పే విధానం 1931లో రూపొందింది. దాని పునాదిపై 1993లో అంతర్జాతీయ వర్ణ సంఘం ఏర్పడి, ఒక్కొక్క పరికరానికి ‘ప్రొఫైల్’ అనే వర్ణపట్టికను తయారుచేసే పద్ధతిని స్థిరపరచింది. వందలాది రంగు గడులను అచ్చువేసి, పరికరంతో కొలిచి ఆ పట్టికను రాస్తారు. కాగితం మారినా, సిరా మారినా పట్టిక మారవలసిందే.

సిరాకు అందని రంగులను ఏం చేయాలన్నది ఆ తరువాతి నిర్ణయం. అన్ని రంగులనూ దామాషాగా కుదించడం ఒక మార్గం. అందేవాటిని యథాతథంగా ఉంచి అందనివాటిని మాత్రమే దగ్గరి రంగుకు మార్చడం రెండవది. మట్టిరంగులు అధికంగా ఉన్న అజంతా వంటి చిత్రాలకు సాధారణంగా రెండవదే మేలు. రంగు మార్పిడిని కంప్యూటర్ ప్రోగ్రామూ, యంత్రపు డ్రైవరూ రెండూ చేస్తే ఫలితం చెడుతుంది. ఏదో ఒకదానికే ఆ పని అప్పగించాలి. పగటి వెలుగులో గోడ నీలంతో సరిపోలిన సిరా నీలం విద్యుద్దీపం కింద వేరుగా కనిపించవచ్చు. అందుచేత ఏ వెలుతురులో ప్రదర్శిస్తారో ముందే నిర్ణయించుకోవాలి.

ప్రదర్శనల కోసం నకళ్లు అచ్చువేయించే శాఖలు పరిమాణం, ఖర్చు మాత్రమే నమోదు చేస్తే చాలదు. ఛాయాచిత్రం తీసిన తేదీ, వెలుతురు, ప్రొఫైల్, కాగితం, సిరా, ఎంచుకున్న మార్పిడి పద్ధతి కూడా దస్త్రంలో చేరాలి. లండన్‌లో మిగిలిన గిల్, గ్రిఫిత్స్ చిత్రాల విలువ నేడు పెరిగింది. ఎందుకంటే వాటిలోని కొన్ని భాగాలు అజంతా గోడపై ఇప్పుడు లేవు. అక్కడ ఎలాంటి రూపం ఉండేదో అవి చెప్పగలవు. ఆ రంగు ఎంతవరకు గోడది, ఎంతవరకు చిత్రకారుని పలకది అన్నది తేల్చడం మాత్రం కష్టం. మన కాలపు నకళ్ల విషయంలో ఆ సందేహాన్ని చాలావరకు తీర్చగల సాధనం చేతిలో ఉంది. దస్త్రంలో నాలుగు పంక్తులు అదనంగా రాయడమే మిగిలిన పని.