మడవని అంచు

తుర్క్‌మెన్ పసివాళ్ళ చొక్కా 'కుర్తే' గురించి చదువుతుంటే నన్ను ఆపేసింది దాని కింది అంచు. మెడచుట్టూ, భుజాలమీదా పట్టుదారంతో ఒత్తైన కుట్టుపని ఉంటుంది. కింద మాత్రం గుడ్డని మడిచి కుట్టరు. పోగులు వేళ్ళాడుతూనే ఉంటాయి. అంచు కుట్టేస్తే బిడ్డ ఆయువూ అక్కడితో ఆగిపోతుందని తల్లుల భయం. అది చేతకాక వదిలింది కాదు, కావాలని వదిలింది.

కారాకుమ్ ఎడారి పరిసరాల్లో మందలతో తిరిగిన తెకె, యొముద్ తెగల స్త్రీలకి బిడ్డ ఒంటిమీది ప్రతిదీ కాపుదలే. నలుపూ తెలుపూ కలిపి పేనిన 'అలాజా' తాడు, పూసలు, గవ్వలు, నాణేలు, 'దొగా' అనే త్రికోణపు గుడ్డ తాయెత్తు. దొగా అంటే ప్రార్థన, అరబ్బీ 'దుఆ' నుంచి వచ్చిన మాట.

సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, మొదట నా చూపు తాయెత్తు లోపలి కాగితం మీదికే పోయింది. అది రాసేది ముల్లా. దాన్ని దాచే వెండి గొట్టం 'తుమార్' చేసేది కంసాలి. ఇద్దరూ మగవాళ్ళే. తుమార్ అన్న మాటకి అసలు అర్థమే చుట్టిన కాగితం. స్త్రీ చేసిన కాపుదలలో అక్షరం లేదు. కుట్టుని కూడా ఒక రాత అని మెచ్చుకోవాలనిపించింది. కానీ అది మన అక్షరాస్యుల అహంకారమేనేమో! కుట్టు కుట్టే.

అలాగని దీన్ని మరీ ముద్దుచేయలేను. అదే సూదితో తెకె స్త్రీలు 'చిర్పీ' కుట్టుకున్నారు. తలమీంచి వేసుకునే పైవస్త్రం అది. యువతులకి ముదురు నీలమో నలుపో, నడివయసుకి పసుపు, వృద్ధులకి తెలుపు. ఆమె వయసెంతో దూరాన్నుంచే అందరికీ తెలిసిపోతుంది. వెనక వేళ్ళాడే దాని చేతుల్లో చెయ్యి దూరదు, అవి ఉత్తుత్తి చేతులు. కాపుదల ఎక్కడ ముగిసి కాపలా ఎక్కడ మొదలవుతుందో!

1881 జనవరిలో రష్యన్ సైన్యం గ్యోక్‌దెపె కోటని పడగొట్టి, పారిపోతున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా చంపింది. ఏ దొగా ఆపలేదు. ఇరవయ్యేళ్ళకి, 1900–1902లో, సముయిల్ దూదిన్ మధ్య ఆసియా అంతా తిరిగి పీటర్స్‌బర్గ్ మ్యూజియం కోసం వస్త్రాలూ వస్తువులూ సేకరించాడు. 1979 తర్వాత అఫ్ఘాన్ యుద్ధంలో చెదిరిన తుర్క్‌మెన్ కుటుంబాల బట్టలు పెషావర్ బజారుకి చేరాయి. 2022లో తుర్క్‌మెన్ కుట్టుపనిని యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

సేకరణల్లో ఈ చొక్కాల పక్కన ఉండే చీటీల మీద మామూలుగా తెగ పేరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, గుడ్డ రకం ఉంటుంది. కుట్టిన మనిషి పేరు ఉండదు. తొడుక్కున్న బిడ్డ ఎదిగిందో లేదో కూడా ఉండదు.