బొమ్మసంద్ర గగనతలంలో చిన్న విమానాల మార్గనిర్ణయం

బొమ్మసంద్ర బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హోసూరు రోడ్డు మీద ఉన్న పారిశ్రామిక వాడ. దీనికి సొంత ఎయిర్‌స్ట్రిప్ లేదు. వైమానికంగా దీని ప్రాధాన్యమంతా రెండు రన్‌వేల నడుమ ఉండటంలోనే ఉంది. గాలిదూరంలో ఉత్తరాన సుమారు 15 కి.మీ.లో హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, దక్షిణ ఆగ్నేయంగా సుమారు 18 కి.మీ.లో బెళగొండపల్లి దగ్గర తనేజా ఏరోస్పేస్ సంస్థ ఎయిర్‌ఫీల్డ్ ఉన్నాయి. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన హోసూరు ప్రాంతంలోనిదే ఈ రెండోది. నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ రూపొందించిన హంస శిక్షణ విమానం (తొలి ఎగురుదల 1993 నవంబరు 23) అక్కడే తయారైంది.

నగరం ఉత్తరపు అంచు దాకా చూస్తే దక్షిణం నుంచి వరసగా బెళగొండపల్లి, హెచ్‌ఏఎల్, జక్కూరు, యలహంక వైమానిక దళ కేంద్రం, దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం వస్తాయి. అన్నిటి రన్‌వేలూ దాదాపు తూర్పు-పడమరలే. జక్కూరుది 08/26, మిగతావి 09/27. గాలుల తీరును బట్టి అలా వేశారు. ఒక్కో చోట అదుపు ఒక్కో సంస్థది. జక్కూరుకూ యలహంకకూ మధ్య 7 కి.మీ. కూడా లేదు. బెంగళూరు గగనతలం కష్టమంతా ఈ వరసలోనే ఉంది: దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లే చిన్న విమానం ఒక సంస్థ ల్యాండింగ్ దారి దాటగానే మరో సంస్థ గడపలో ఉంటుంది.

హెచ్‌ఏఎల్ ఎయిర్‌ఫీల్డ్ ప్రారంభ సంవత్సరాన్ని ఆధారాలు ఒకేలా చెప్పవు. వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సంస్థానం కలిసి 1940 డిసెంబరులో హెచ్‌ఏఎల్ కంపెనీని నమోదు చేయించినందున చాలామంది 1940 అనే రాస్తారు. తొలి హార్లో శిక్షణ విమానం ఎగిరింది మాత్రం 1941లో. విమానక్షేత్రం వరకు 1941ని తీసుకోవడమే సబబుగా తోస్తుంది. 2008 మే 24న దేవనహళ్లి విమానాశ్రయం తెరుచుకున్నాక సాధారణ ప్రయాణికుల సర్వీసులు హెచ్‌ఏఎల్ నుంచి తరలిపోయాయి. తేజస్ వంటి యుద్ధ విమానాల పరీక్షలు ఇక్కడే సాగుతుండటంతో ఈ ఆకాశం ఖాళీ కాలేదు.

పత్రికలు ఈ ప్రాంతమంతటినీ కలిపి ‘నో ఫ్లై జోన్’ అని రాయడం కద్దు. అది సరి కాదు. ఇక్కడున్నది ప్రధానంగా అనుమతితో ప్రవేశించదగిన నియంత్రిత గగనతలం. నిషిద్ధ ప్రాంతాలు వేరు. 1937 విమాన నియమావళిలో 12వ నియమం, మొదటి షెడ్యూలు వాటిని పేర్కొన్నాయి. ముంబై మలబార్ హిల్ మీది పార్సీల మౌన గోపురాలు, మథుర రిఫైనరీ ఆ షెడ్యూలులో ఉన్నాయి. తిరుమల మీదుగా విమానాలు ఎగరకూడదని టీటీడీ కేంద్రాన్ని పలుమార్లు కోరింది; అలాంటి కోరికకు చట్టబలం రావాలంటే అధికారిక ప్రకటన వెలువడాలి. పొరపాటున నిషిద్ధ ప్రాంతంలోకి వచ్చానని గ్రహించిన పైలట్ వెంటనే ఆపద సంకేతమిచ్చి, ఆ ప్రాంతం వెలుపల దగ్గరలోని ప్రభుత్వ విమానాశ్రయంలో దిగాలని ఆ 12వ నియమమే చెబుతుంది. సైనిక అభ్యాసాలు, ఏరో ఇండియా వంటి సందర్భాల్లో తాత్కాలిక ఆంక్షలు పైలట్లకు జారీచేసే నోటీసులైన నోటామ్‌ల ద్వారా వస్తాయి. 1996 నుంచి యలహంకలో జరుగుతున్న ఆ ప్రదర్శన రోజుల్లో దేవనహళ్లి రాకపోకలను సైతం గంటల తరబడి నిలిపివేస్తారు.

చిన్న విమానానికి అసలు చిక్కు నైరుతి రుతుపవనాల కాలంలో ఎదురవుతుంది. బెళగొండపల్లి నుంచి హెచ్‌ఏఎల్‌కు సుమారు 18 నాటికల్ మైళ్లు. 100 నాట్ల వేగంతో 11 నిమిషాలు. జూన్-ఆగస్టు మధ్య 5,000 అడుగుల దగ్గర పడమటి గాలి 30 నాట్లు ఉండటం అసాధారణమేమీ కాదు. ముక్కు దిశ దిద్దుకోకుండా వెళ్తే ఆ 11 నిమిషాల్లో విమానం 5 నాటికల్ మైళ్లకు పైగా తూర్పుకు కొట్టుకుపోయి వైట్‌ఫీల్డ్ పరిసరాల్లో తేలుతుంది. పడమటి గాలి వీచేటప్పుడు హెచ్‌ఏఎల్‌లో 27 రన్‌వే వాడతారు కాబట్టి దిగే విమానాలు తూర్పు నుంచే వస్తాయి. రన్‌వేకు 10 కి.మీ. దూరంలో, మూడు డిగ్రీల వాలులో దిగే జెట్ నేల నుంచి సుమారు 1,700 అడుగుల ఎత్తులో ఉంటుంది. విమానాశ్రయం ఎత్తు 2,912 అడుగులు కలిపితే ఆల్టిమీటర్‌లో 4,600 చిల్లర. చిన్న విమానాలు సాధారణంగా ఎగిరే ఎత్తూ దాదాపు అదే. గాలి దారి తప్పించేది సరిగ్గా జెట్లు దిగే దారిలోకే.

అందుకే అనుభవజ్ఞులు గడియారాన్నీ నేల గుర్తులనూ జతచేసి నడుస్తారు. హోసూరు రోడ్డు, దాని పక్కన 2025 ఆగస్టులో మొదలైన పసుపు మెట్రో మార్గపు వయాడక్ట్, ఆ మార్గం ముగిసే బొమ్మసంద్ర స్టేషన్ పైనుంచి పోల్చుకోదగిన గుర్తులు. బెళ్లందూరు చెరువు ముక్కు కిందికి వచ్చిందంటే హెచ్‌ఏఎల్ రన్‌వే రెండు మూడు కిలోమీటర్లే; అనుమతి అడిగే సమయం అప్పటికే దాటిపోయింది. బొమ్మసంద్ర రాకముందే అడగటం మేలు. ఆల్టిమీటర్‌లో పీడనం ఒక హెక్టోపాస్కల్ తప్పుగా పెడితే దాదాపు 30 అడుగుల తేడా వస్తుంది కనుక, ఎత్తు పరిమితి ఇచ్చిన చోట స్థానిక క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన పీడనం) తప్పనిసరి.

జీపీఎస్ పటం చాలదా అన్నది వాదనలో ఉంది. సరిహద్దు గీత వెంబడే ఎగరవచ్చని కొందరంటారు. కానీ పటంలో నోటామ్ లేకపోవచ్చు, సంకేతాలు కలుషితం కావచ్చు. 2023 నవంబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఈ రెండో ప్రమాదంపై సూచనల పత్రం విడుదల చేసింది. గీతకు రెండు మైళ్లైనా ఎడం పాటించే పాత పద్ధతే నమ్మదగినది.

బెంగళూరు వరసలో ఉన్నట్టి సమాంతర రన్‌వేలు ఎంత పెద్ద విమానాన్నైనా మోసగించగలవు. 1972 సెప్టెంబరు 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 ముంబై శాంతాక్రూజ్ అనుకుని జుహూ చిన్న రన్‌వే మీద దిగింది. ప్రాణనష్టం జరగలేదు.

మన దేశంలో దృశ్య నియమాల కింద ఎగిరేవారు సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటితే గాలిలో ఉండకూడదు. రేడియో పనిచేయకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టాలి. యుద్ధ విమానం ఎదుటికి వచ్చి రెక్కలు ఊపితే తానూ ఊపి, వెంబడించి, 121.5 మెగాహెర్ట్జ్‌లో పిలవాలి.

హెలికాప్టర్ల విషయానికొస్తే, 2018 మార్చిలో తుంబి ఏవియేషన్ కెంపేగౌడ విమానాశ్రయం నుంచి బొమ్మసంద్ర పొరుగునున్న ఎలక్ట్రానిక్ సిటీకి హెలీట్యాక్సీ మొదలుపెట్టింది. సుమారు 15 నిమిషాల ప్రయాణం. ఆ సేవ తర్వాత ఆగిపోయింది.