కాశీ గంగాతీరమున పాదయాత్ర



కాశీ అనగానే మన మనస్సునకు తోచునవి విశ్వనాథుని దర్శనము, గంగాస్నానము, పితృకార్యము. మన తెలుగువారిలో అనేకులు తొమ్మిది రాత్రులు అచ్చట నిదురించుట ఒక నియమముగా పాటించుచున్నారు. ఆ తొమ్మిది దినములలో ఒక్క ఉదయమును ప్రత్యేకించి, నదీతీరము వెంట కాలినడకన సాగినచో ఆ క్షేత్రచరిత్రయే కన్నులకు కట్టునని మనవి చేయుటకు ఈ ప్రసంగము. కాశీమహిమను పురాణము చెప్పినది. శ్రీనాథ మహాకవి కాశీఖండముగా దానిని తెనుగువారికి అందించినాడు. ఆ మహిమకు రాతిమెట్లు కట్టి నిలిపినవారెవరు అను ప్రశ్నకు మాత్రము ఆ తీరమే సమాధానము చెప్పవలెను.

ముందుగా నేల సంగతి తెలిసికొందము. తూర్పుదిక్కుగా సాగిపోవు గంగ కాశీవద్ద వంపు తిరిగి ఉత్తరముఖముగా ప్రవహించుచున్నది. పడమటి గట్టు గట్టిమన్నుతో ఎత్తుగా నున్నది. తూర్పు గట్టు వరదకు మునుగు ఇసుకమేట. అందుచేత పట్టణమంతయు ఒకే ఒడ్డున వెలసినది. ఉదయించు సూర్యుడు ఏ అడ్డును లేక నేరుగా మెట్లమీదికి వెలుగును ప్రసరించును. దక్షిణమున అసి, ఉత్తరమున వరుణ, ఈ రెండు సంగమముల నడుమ 6 కిలోమీటర్లకు మించిన తీరమున 84 ఘట్టములున్నవని లెక్క. వర్షర్తువులో ఈ మెట్లు నీట మునుగును గనుక, శరదృతువు గడచి నీరు తగ్గిన పిదప నడుచుట సుకరము. అసి నుండి బయలుదేరినచో నది మన కుడివైపున, నగరము ఎడమవైపున నుండును.

అసిఘట్టమునకు చేరువలోనే తులసీఘట్టము కలదు. రామచరితమానసకర్తయైన గోస్వామి తులసీదాసు ఇచ్చటనే నివసించి 1623లో దేహము చాలించినాడు. మరికొంత దూరము సాగిన పిదప కోటవలె కానవచ్చునది చేత్ సింహుని సౌధము. 1781 ఆగస్టులో వారన్ హేస్టింగ్సు కోరిన ధనము చెల్లింపలేదని కాశీరాజైన చేత్ సింహుని ఇచ్చటనే నిర్బంధించినారు. ప్రజలు తిరగబడి కావలిభటులను హతమార్చగా, రాజు తలపాగాలను ముడివేసిన త్రాడుతో కిటికీనుండి నదిలోనికి దిగి తప్పించుకొన్నాడు. హేస్టింగ్సు తానే చునారు కోటకు పారిపోవలసి వచ్చినది.

తరువాతిది హరిశ్చంద్రఘట్టము. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకములోని కాటిసీను చూచి కన్నీరు పెట్టని తెలుగు పల్లె అరుదు. ఆ కాటి పేరిట నేటికిని చితులు వెలుగుచున్న తావిది. దీనిని దాటగానే మన విజయనగర సంస్థానాధీశుల పేరిట వెలసిన ఘట్టము, దానిని ఆనుకొని కేదారఘట్టము వచ్చును. ఇచ్చట దక్షిణాది భాషలు చెవిని పడుచుండును. మానససరోవరఘట్ట ప్రాంతమున ఆంధ్రాశ్రమము తెలుగు యాత్రికులకు ఆశ్రయమిచ్చుచున్నది.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి, పూర్వుల యాత్రను స్మరింపవలెను. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అను సామెత మనలో ఊరక పుట్టలేదు. చెన్నపట్టణపు న్యాయస్థానమున దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ, కాశీ, గయలను సేవించి, కలకత్తా మార్గమున 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. ఆ ప్రయాణమునకు పదునైదు నెలలకు పైగా పట్టినది. వారు వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. నేడు రెండు దినములలో రైలుపై చేరు మనము, అంత శ్రమించి వచ్చినవారి కళ్ళతో ఈ మెట్లను ఒక్కమారు చూడవలెను.

ఇక దశాశ్వమేధఘట్టము. బ్రహ్మ పది అశ్వమేధములు చేసిన చోటని పురాణప్రసిద్ధి. ఇచ్చట రాతిమెట్లను 1748లో పేష్వా బాలాజీ బాజీరావు కట్టించగా, 1774లో ఇందూరు మహారాణి అహల్యాబాయి హోల్కరు పునర్నిర్మించినది. విశ్వనాథాలయ చరిత్రయు ఈ మహారాణితోనే ముడివడి యున్నది. 1669లో ఔరంగజేబు ఆజ్ఞచే పూర్వాలయము కూల్చబడినది. నూరేండ్లకు పైగా గడచిన పిదప, 1780 నాటికి అహల్యాబాయి ఆ సమీపముననే నేటి ఆలయమును నిలిపినది. పంజాబు ప్రభువైన రణజిత్ సింహుడు శిఖరములకు బంగారము సమర్పించినాడు. 2021 డిసెంబరులో ఆలయమునుండి గంగవరకు విశాలమైన ప్రాంగణము ప్రారంభమైనది గనుక, ఇప్పుడు లలితాఘట్టము వైపునుండి నేరుగా స్వామి సన్నిధికి పోవచ్చును.

ఈ నడుమ మానమందిరఘట్టము కలదు. అంబరు రాజు మానసింహుడు కట్టించిన ఆ భవనముపై, ఆ వంశీయుడే యైన సవాయి జయసింహుడు 18వ శతాబ్దమున నక్షత్రశాలను నెలకొల్పినాడు. లలితాఘట్టమున నేపాళ రాజులు కట్టించిన కొయ్యగుడి కలదు. ఆ పైన మణికర్ణిక. ఇచ్చట చితాగ్నిని రాత్రింబవళ్ళు కాపాడువారు డోము వంశీయులు. ఎంతటివాడైనను ఇచ్చట వారి చేతి నిప్పునకు చేయి చాపవలసినదే.

మణికర్ణికను దాటగానే సింధియాఘట్టము. గ్వాలియరు రాణి బైజాబాయి 19వ శతాబ్దపు పూర్వార్ధమున దీనిని ఎంతో భారీగా కట్టించగా, ఆ బరువునకు నేల క్రుంగి కట్టడము కూలినది. సమీపముననే రత్నేశ్వరాలయము ఒక ప్రక్కకు ఒరిగి, ఏటిలో సగము కాలము నీటనే నిలిచియున్నది. గంగ ఏటేట మెట్లక్రింది మన్నును కోసికొని పోవును. వరద తీయగానే మెట్లపై అడుగులకొలది బురద మిగిల్చిపోవును. పంపులతో నీళ్ళు కొట్టి ఆ బురదను తిరిగి నదిలోనికి త్రోయు పనివారు లేకున్నచో, కార్తికమున మనము దీపము పెట్టుటకు మెట్టే కనబడదు.

అటుపిమ్మట పంచగంగాఘట్టము. ఇచ్చటి ప్రాచీన బిందుమాధవాలయము ఔరంగజేబు కాలమున కూల్చబడి, ఆ స్థలమున మసీదు లేచినది. స్వామి సమీపమున మరియొక మందిరమున పూజలందుకొనుచున్నాడు. విజయనగర ప్రాంతమున జన్మించిన త్రైలింగస్వామి చిరకాలము ఈ ఘట్టముననే నివసించి 1887లో సిద్ధిపొందినారు. 1868లో రామకృష్ణ పరమహంస వారిని దర్శించి, నడచు విశ్వనాథునిగా భావించినారు. త్రైలింగుడనగా తెలుగువాడని మనమందరము గుర్తుంచుకొనవలెను.

తుదకు రాజఘట్టము. 1887లో ప్రారంభమైన, నేడు మాలవీయ వంతెన అని పిలువబడు కట్టడము ఇచ్చట గంగను దాటుచున్నది. ఈ ఎత్తైన దిబ్బయే ప్రాచీన వారణాసి. 1939-40లో రైల్వేపనులకు త్రవ్వుచుండగా పురాతన వస్తువులు బయల్పడినవి. పిదప జరిగిన తవ్వకములు క్రీస్తుపూర్వము 8వ శతాబ్ది ప్రాంతముననే ఇచ్చట జనావాసము కలదని తేల్చినవి. దాని ఆవల వరుణాసంగమమున ఆదికేశవుడు. గాహడవాల రాజులు ఇచ్చట స్నానమాచరించి భూదానములు చేసినట్లు వారి తామ్రశాసనములు చెప్పుచున్నవి. 1194లో ఘోరీ సేనలు నగరమును దోచిన పిదప, ఊరు క్రమముగా దక్షిణమునకు జరిగినది. అనగా మనము అసినుండి నడచినది క్రొత్తనుండి ప్రాతకు!

ఇంతకును ఈ నడక వలన తేలిన సత్యమేమి? కాశీ అతిప్రాచీనము, కాశీలో మనము త్రొక్కిన రాయి మాత్రము హెచ్చుభాగము గత మూడు, నాలుగు శతాబ్దములది. కట్టించినవారిలో మహారాష్ట్రులున్నారు, రాజపుత్రులున్నారు, నేపాళీయులున్నారు, మన తెలుగువారున్నారు. వారిలో హెచ్చుమంది కాశిలో పుట్టినవారు కారు. పడినదానిని పడినట్లే వదలక మరల నిలిపినారు. కాశీ నిలిచినది రాతి బలముచేత గాదు, తరతరముల పూనికచేత.

ఆ పూనిక మన వంతునకు వచ్చినపుడు అది రాతిపని కాదు, నీటిపని. సంకటమోచనాలయ మహంతు ఆచార్య వీరభద్ర మిశ్ర తులసీఘట్టమున నిత్యము గంగాస్నానము చేయుచు, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జలశాస్త్రము బోధించుచు, 1982లో ఒక సంస్థను స్థాపించి, 2013లో పరమపదించువరకు గంగ నిర్మలత కొరకు పాటుపడినారు. భక్తి ఒకవైపు, శాస్త్రము మరొకవైపు అని వారు విడదీయలేదు. 1986లో గంగా కార్యాచరణ ప్రణాళిక, 2014లో నమామి గంగే ప్రారంభమైనవి. అయినను నగరపు మురుగు నదిలో కలియుట పూర్తిగా ఆగలేదు.

కాశీకి పోయినపుడు ఇష్టమైన కాయో, పండో వదలివచ్చుట మన ఆచారము. దానితోపాటు గంగలో వస్త్రములు వదలుట, సబ్బుతో స్నానము చేయుట, ప్లాస్టిక్ సంచులతో పూలు విసరుట కూడ వదలుదము. 2023 గంగాపుష్కరములలో మన తెలుగువారు లక్షలుగా ఆ మెట్లు దిగినారు. మరల 2035లో దిగుదురు. అప్పటికి అహల్యాబాయి వంటివారు కట్టిన మెట్లను, వాటిని కడుగుచున్న తల్లిని మన తరము ఎట్లు అప్పగించునో అది మన చేతులలో నున్నది.

హర హర మహాదేవ!