స్క్రమ్

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినపడే ‘స్క్రమ్’ రగ్బీ ఆటలోది. ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది భుజాలు కలిపి, వంగి, బంతి కోసం ఎదుటివాళ్లను ఒక్క ఊపున నెట్టడమే స్క్రమ్. హోండా, కెనాన్ వంటి కంపెనీలను పరిశీలించిన జపాన్ ఆచార్యులు టకెయుచి, నొనాకా 1986లో ఒక వ్యాసం రాశారు. అందులో, పని ఒకరి తర్వాత ఒకరికి అప్పగించకుండా జట్టంతా కలిసి ముందుకు నడిపే తీరును రగ్బీతో పోల్చారు. 1990లలో జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ ఆ పేరును సాఫ్ట్‌వేర్‌కు తెచ్చారు.

ఈ స్క్రమ్‌లో రోజూ జరిగే పావుగంట మీటింగు జట్టు తన పనిని తనే సర్దుకోవడానికి. మేనేజరుకు లెక్క ఒప్పజెప్పడానికి కాదు. టీమ్ లీడర్లూ, రేపు ‘నిన్న ఏం చేశావ్’ అనకండి. ‘ఎవరి పని ఎక్కడ ఆగింది, ఎవరు చెయ్యి వేస్తారు’ అని అడగండి.