నీళ్ల కోసం నామినేషన్

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అన్ని పేర్లు, అన్ని గుర్తులు ఒక్క కాగితం మీద పట్టవు కాబట్టి బ్యాలెట్‌ను పుస్తకంగా కుట్టించారు. ఏర్పాట్లకు గడువు చాలక పోలింగే వాయిదా పడింది. చివరికి ఓటేయడానికి వచ్చినవాళ్లు పేజీలు తిప్పుతూ గుర్తు వెతుక్కున్నారు. బరిలో ఉన్నవాళ్లలో అత్యధికులకు గెలవాలన్న ఆశ లేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్ వేసిన మామూలు మనుషులు వాళ్లు. వాళ్లు అడిగినవి రెండే: ఫ్లోరైడ్ లేని తాగునీరు, పొలాలకు కృష్ణా జలాలు.

ఈ పని చేసింది రాజకీయం తెలియని జనం కాదు. తొలి లోక్‌సభ ఎన్నికల్లో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో రావి నారాయణరెడ్డిని గెలిపించిన జిల్లా ఇది. అలాంటి చోట ఓటు మీద నమ్మకం ఇంతగా ఎందుకు సడలిందో తెలియాలంటే భూమి లోపలికి చూడాలి.

మన దేశంలో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ రోగుల గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న, అదే జిల్లాలో, నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణి అయింది. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఆ కాలువ నీళ్లు ఎక్కలేదు. అక్కడి రైతు బోరును నమ్ముకున్నాడు. కరువొచ్చిన ప్రతిసారీ బోరు ఇంకా లోతుకు దిగింది. కింద ఉన్నది ఫ్లోరిన్ ఖనిజాలున్న గ్రానైట్ రాయి. ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పిల్లల పళ్లకు ముందు తెల్ల గీతలు పడతాయి, తర్వాత పసుపు, గోధుమరంగుకు తిరుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుంటాయి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. కాళ్లు వంకర్లు పోతాయి, నడుము వంగిపోతుంది.

1970ల్లో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చెప్పారు. నీళ్లలో సున్నం, పటిక కలిపి, బాగా తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైనున్న తేట నీళ్లు వంచుకోవాలి. దీనికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. కానీ రోజూ పటిక తెచ్చి, కొలిచి, కలిపి, మడ్డి పారబోయాల్సిన ఆ పనిని ఊరూరా ఏళ్ల తరబడి నడిపించే నాథుడు లేడు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ మాట 1980ల నుంచి ప్రతి ఎన్నికల సభలోనూ వినిపించింది. పోలింగ్ ముగిశాక ఫైలు మళ్లీ అటకెక్కేది. ఆ విసుగే 480 నామినేషన్లయింది.

గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. 477 మందికి డిపాజిట్ దక్కలేదు. కొద్ది నెలలకే పార్లమెంటు చట్టం సవరించింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. అదే ఏడాది బెళగావిలో, తమిళనాడులోని మొడకురిచ్చిలో కూడా వందల మంది పోటీకి దిగారు, కాబట్టి ఒక్క నల్లగొండ కోసమే ఈ సవరణ వచ్చిందనలేం. కానీ ఇన్ని దశాబ్దాలు నీటికి దొరకని తీరిక డిపాజిట్ పెంచడానికి నెలల్లోనే దొరికిందే! పేదవాడి నిరసనకు ధర కట్టిన ఆ వేగాన్ని నేను క్షమించలేను. ఆ డిపాజిట్ తర్వాత 25,000 అయింది. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఆ మొత్తం కట్టి మరీ నిరసనగా బరిలో దిగారు.

ఆ తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, కొంతవరకు. సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి తెచ్చారు. అక్కడి నుంచి 2004లో హైదరాబాద్ కుళాయిలకూ పంపారు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఇంకా బోరునీళ్లే తాగుతుండగా రాజధాని దాహం ముందు తీరింది. బాధితులను ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజపేయి ముందు నిలబెట్టినా పరిస్థితి పెద్దగా మారలేదు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇళ్లకు నదీజలాలు చేరాయి. ఇది నిజమైన మార్పు, దాన్ని కాదనకూడదు. ఎడమగట్టు కాలువలో భాగంగా సాగునీటి కోసం తలపెట్టిన దాదాపు 44 కిలోమీటర్ల శ్రీశైలం సొరంగం మాత్రం పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అందులో కొంత భాగం కూలి లోపల పనిచేస్తున్న ఎనిమిది మంది చనిపోయారు.

2022 నవంబరు మునుగోడు ఉప ఎన్నికలో ఫ్లోరైడ్ పేరు మళ్లీ వినబడింది, ఈసారి పార్టీల నోట. నీళ్లు తెచ్చింది మేమేనని ఒకరు, కేంద్రం ఏం చేసిందని ఇంకొకరు. కేంద్ర ఆరోగ్యమంత్రిగా జె.పి.నడ్డా హామీ ఇచ్చిన ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం రాలేదని చౌటుప్పల్ మండలంలో ఆయన పేరిట ఉత్తుత్తి సమాధి కట్టారు. ఆ గొడవలో అసలు మనుషులు పక్కకు జరిగారు. కుళాయిలో మంచినీళ్లు వచ్చినంత మాత్రాన ఒకసారి వంగిన ఎముక తిన్నగా కాదు. పాత నీళ్లు తాగి మంచానపడ్డవాళ్లకు వైద్యం కావాలి, నెలనెలా బతుకు గడిచే పింఛను కావాలి.