కంచె, గేటు, మెట్లు: ఫుట్‌బాల్ మైదానాల్లో సామూహిక మరణాలు

ఫుట్‌బాల్ మైదానాల్లో జనం చనిపోయిన ఘటనల మీద విచారణ నివేదికలకు బ్రిటన్‌లో కొదవ లేదు. అయినా 1902 నుంచి 1989 దాకా చావులు ఆగలేదు. జరిగిపోయిన ప్రమాదానికి విరుగుడు వెతికేలోగా రాబోయేది ఇంకో దారిన వచ్చింది. అల్లరిని అణచడానికి వేసిన కంచెలే చివరికి ఎక్కువ ప్రాణాలు తీశాయన్నది ఈ వ్యాసం వాదన.

ముందు గ్లాస్గోలోని ఐబ్రాక్స్ సంగతి. 1902 ఏప్రిల్ 5న స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడుతుండగా అక్కడి చెక్క గ్యాలరీ విరిగి 25 మంది చనిపోయారు. ఆ తర్వాత చెక్క చట్రాల బదులు మట్టికట్టల మీద గ్యాలరీలు కట్టడం పెరిగింది. నిలబడే చోటు గట్టిపడింది గానీ దిగే దారి మీద అంత శ్రద్ధ లేదు. 1961లో అదే మైదానంలో 13వ నంబరు మెట్లదారిలో ఇద్దరు నలిగిపోయారు. పదేళ్లకు, 1971 జనవరి 2న, రేంజర్స్–సెల్టిక్ ఆట ముగిసే వేళ అవే మెట్ల మీద 66 మంది ప్రాణాలు పోయాయి. చివరి క్షణంలో రేంజర్స్ గోల్ కొట్టిందని తెలిసి వెళ్తున్నవాళ్లు వెనక్కి తిరగడం వల్లే ఇలా జరిగిందని చాలాకాలం చెప్పుకున్నారు. విచారణలో తేలింది వేరు: అందరూ ఒకే వైపు, కిందికే దిగుతున్నారు. నిటారు మెట్లు, పక్కకు తప్పుకోనివ్వని దడులు. ముందువాళ్లు తూలితే వెనకవాళ్లు ఆగే వీల్లేదు. జనాన్ని తప్పుపట్టే కథ ఎంత సులువుగా పుడుతుందో ఇక్కడే చూడవచ్చు.

ఆ తర్వాత వచ్చిన 1975 మైదానాల భద్రతా చట్టం మొదట పెద్ద క్లబ్బుల మైదానాలకే వర్తించింది. మూడో డివిజన్‌లో ఆడుతున్న బ్రాడ్‌ఫర్డ్ సిటీ దాని పరిధిలో లేదు. 1985 మే 11న అక్కడ పాత చెక్క స్టాండ్ కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త అంటుకుని, నిమిషాల్లో స్టాండంతా కాలిపోయింది. 56 మంది మరణించారు. వెనక గేట్ల వైపు పరుగెత్తినవాళ్లకు అవి తాళాలతో ఎదురయ్యాయి. ముందుకు, ఆట స్థలంలోకి దూకినవాళ్లు బతికారు. అక్కడ కంచె లేదు. ఆ నెలలోనే బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానుల దాడికి ఎదుటి జట్టు అభిమానులు గోడ వైపు నెట్టుకుపోయి 39 మంది చనిపోవడంతో బ్రిటన్ దృష్టంతా అల్లరి మీదికి మళ్లింది. ముందు కంచె లేకపోవడమే ప్రాణాలు కాపాడిందని బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన పాఠం మసకబారింది.

నాలుగేళ్లకు, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఆ పాఠం మరిచిన ఫలితం బయటపడింది. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే టికెట్లున్న సుమారు పది వేల మంది లోపలికి రావడానికి టర్న్‌స్టైల్స్ ఏడే. బయట ఒత్తిడి పెరిగి, మధ్యాహ్నం 2:52కి పోలీసులు నిష్క్రమణ గేటు తెరిపించారు. ఎదురుగా ఉన్న సొరంగం కంచెలతో విడదీసిన, అప్పటికే నిండిపోయిన నడిమి దొడ్లలోకి దారి తీస్తుంది. సొరంగం మూయించి, ఖాళీ ఉన్న పక్క దొడ్లకు జనాన్ని మళ్లించే పని ఎవరూ చేయలేదు. ముందు ఇనుప కంచె. దాన్ని ఎక్కి బయటపడాలని చూసినవాళ్లను మొదట మైదానం మీద దాడికి వస్తున్నవాళ్లనుకున్నారు. 97 మంది చనిపోయారు. నింద అభిమానుల మీద పడింది. అది అబద్ధమని, మరణాలు చట్టవిరుద్ధ హత్యలని జ్యూరీ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఈ ఘటనపై విచారణ జరిపిన టేలర్ నివేదిక తర్వాత కంచెలు తొలగాయి, పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు వచ్చాయి.

మిగతా ప్రపంచంలో కారణం ఇంకా మొరటుది: బాష్పవాయువు, తెరుచుకోని గేట్లు. 1964లో లీమాలో అధికారిక లెక్క ప్రకారమే 328 మంది, 2001లో అక్రాలో 126 మంది ఇలాగే పోయారు. స్టేడియంలో జనాన్ని చెదరగొట్టే వాయువు వాడకూడదని ఫిఫా భద్రతా నియమావళిలో ఉంది. ఆ నియమం ఉండగానే 2022 అక్టోబర్ 1న ఇండోనేసియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు దాన్ని ప్రయోగించారు; 135 మంది మరణించారు.