ముఖం ఒకరిది, పేరు ఇంకొకరిది

నూజివీడులో మా అమ్మమ్మ మామిడితోటని ఊళ్ళో అందరూ ఆమె పేరుతోనే పిలుస్తారు. చిన్నరసం మొక్కలకి బిందెలతో నీళ్ళు మోసి బతికించింది ఆమే మరి. పట్టాదారు పాస్‌పుస్తకంలో మాత్రం తాతయ్య పేరు, తాతయ్య ఫోటో. అమ్మమ్మకి కాసులపేరు ఉండేది. కాసు కాసుకీ లక్ష్మీదేవి. "బొమ్మ ఆవిడది, బీరువా తాళం మీ తాతది" అని నవ్వేది.

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల గురించి చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది. అవి పదిహేను వందలకు పైనే. చాలావరకు అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండిలో ఎక్కువగా కనిపించేవి ఈ ఇద్దరివే, అందులోనూ రెండు రకాలే. ఒకదాని మీద అగస్టస్ మనవలు గేయస్, లూషియస్ డాళ్ళు, ఈటెలతో నిలబడి ఉంటారు. వాళ్ళ పేర్లూ ఉంటాయి. వాళ్ళని కన్న జూలియా ఉండదు. క్రీ.పూ. 2లో కన్నతండ్రే ఆమెని ద్వీపానికి వెళ్ళగొట్టాడు. ఆ నాణేల ముద్రణ మొదలైందీ దాదాపు అప్పుడే!

రెండో రకం టైబీరియస్‌ది. వెనకవైపు రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఆమె అతని తల్లి లివియా అని కొందరు, శాంతిదేవత అని కొందరు. ఈ వాదన తెగకపోవడానికి కారణం చాలా మామూలుది. పక్కన ఆమె పేరు లేదు. చుట్టూ ఉన్న అక్షరాలు కొడుకు బిరుదు.

మరి మన శాతవాహనుల వెండి నాణేలో? అక్కడ తల్లి పేరుంది. గౌతమీపుత్ర యజ్ఞ శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి. ముఖం మాత్రం కొడుకుదే. మాతృనామాలు చూసి మనం కాస్త తొందరపడి గర్వపడతామేమో అనిపిస్తుంది నాకు.

నాగార్జునకొండలో రోమ్ రాణి ఫాస్టీనా బంగారు నాణెం దొరికింది. ఆమెకి ముఖమూ ఉంది, పేరూ ఉంది. క్రీ.శ. 140లో చనిపోయాక దేవతని చేసి, బంగారం మీదా వెండి మీదా ఆమె బొమ్మ విస్తారంగా ముద్రించారు. చనిపోయాక! అదే కొండ దగ్గర ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిశ్రీ, మహాచైత్యం స్తంభాల మీద తన పేరూ తన దానమూ బతికుండగానే చెక్కించుకుంది. నాణెం మీద కాదు, రాతి మీద.

అమ్మమ్మ పోయాక కాసులపేరు విడగొట్టి పంచారు. నాకు రెండు కాసులొచ్చాయి. తోట మామయ్యలకి వెళ్ళింది. ఈ ఏడు కాపు కౌలు కాగితంలో సరిహద్దులు రాసిన చోట అమ్మమ్మ పేరు కనిపించింది, ఫలానా ఆమె తోట అని.